నొప్పి లేని పుండు

అబ్దుల్లాపూర్‌మెట్‌లో నాకు తెలిసిన ఒక పెద్దామెకు అరికాల్లో పుండుంది. కుష్టు ఎప్పుడో నయమైంది గానీ కాలికి స్పర్శ రాలేదు. రాయి గుచ్చుకున్నా తెలియదు. ఇంటెడు చాకిరీ ఆ కాలితోనే. ఇక పుండు ఎలా మానుతుంది?

చర్మవ్యాధులున్నవాళ్ళ బతుకు ఎలా ఉందో కొలవడానికి 1994లో కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే డాక్టర్లు పది ప్రశ్నలు తయారుచేశారు. మొత్తం 30 మార్కులు. ఎంత ఎక్కువొస్తే అంత కష్టమన్నమాట. ఆ ప్రశ్నలు ఆమెకు చదివి వినిపించాను. మొదటిది దురద, నొప్పి, మంటల గురించి. "నొప్పెక్కడిది బిడ్డా, మొద్దుకాలు" అంది. సున్నా! ఇంటిపనికి ఆటంకమా? పని ఆపితే కదా ఆటంకం. దగ్గరివాళ్ళతో ఇబ్బందా? "ఏముంది, కంచం ఏరే పెడతరు, గంతే." దానికెన్ని మార్కులు వెయ్యాలి?

కుష్టు రోగులకు వైద్యంతోపాటు నీడ కూడా కావాలని రాణీ కుముదినీదేవి 1958లోనే కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. మన చట్టం మాత్రం వేరే దారిలో నడిచింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో నయంకాని తీవ్రమైన కుష్టు విడాకులకు ఒక కారణం. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది, జబ్బు నయమవడం మొదలైంది. అయినా చట్టంలోంచి కుష్టును తీసేసింది 2019లో. కాగితం మీద అది భార్యాభర్తలిద్దరికీ ఒకటే. పుట్టింటికి చేరేదెవరో మనకు తెలియనిదా!

ఈ సంగతి చెబితే పెద్దామె కట్టు బిగించుకుంటూ, "నన్ను ఏ కాయితం లేకుంటనే ఎల్లగొట్టిండు గద" అంది.