మంచు పందెములలో మార్కుల కథ

పాదములకు పొడవైన సన్నని పలకలు బిగించుకొని మంచుకొండల వాలున జారు క్రీడకు స్కీయింగ్ అని పేరు. ఈ క్రీడలోని వాలు పందెములకు నేటి రూపమునిచ్చిన సర్ ఆర్నాల్డ్ లన్ 1888లో, మంచు మాటయే యెరుగని మదరాసు నగరమున జన్మించినాడన్న మా శ్రోతలకు వింతగా తోచవచ్చును. ఆయన తండ్రి అప్పుడు మన దేశమున క్రైస్తవ మతప్రచారకుడు.

లన్‌కు పూర్వము ఆల్ప్స్ పర్వతములలో మలుపులు తిరుగు పోటీలు లేకపోలేదు. కాని తిరుగుటలోని సొగసు చూచి న్యాయనిర్ణేతలు మార్కులు వేసెడివారు. నెమ్మదిగా, అందముగా తిరిగినవాని కంటె వికారముగానైనను వేగము పోగొట్టుకొనక తిరిగినవాడే మేలని లన్ వాదించెను. 1922 జనవరి 21వ తేదీన స్విట్జర్లాండులోని మ్యూరెన్ గ్రామమున ఆయన జెండాలను జంటలుగా పాతించి, వాని నడుమనుండి పోవువారికి కాలమొక్కటే కొలతగా పోటీ నడపెను. దీనికే స్లాలమ్ అని పేరు. ఆనాటితో కంటిమెప్పు పోయి గడియారము వచ్చినది.

గడియారము వచ్చినంతమాత్రమున తగవు తీరలేదు. కొండ పైనుండి ఏకధాటిగా దిగు డౌన్‌హిల్ పందెము ఒకటి, మలుపుల స్లాలమ్ మరియొకటి. రెంటిని కలిపి ఉత్తముని నిర్ణయించుట యెట్లు?

1936 ఫిబ్రవరిలో జర్మనీలోని గార్మిష్ పార్టెన్‌కిర్షెన్‌లో జరిగిన శీతకాలపు ఒలింపిక్స్‌లో ఈ పందెములకు తొలిసారి చోటు లభించెను. క్రీడ నేర్పి జీతము తీసికొను శిక్షకులు అమెచ్యూర్లు కారని వారిని వెలివేసిరి. నిరసనగా ఆస్ట్రియా, స్విట్జర్లాండుల పురుషులు పాల్గొనలేదు. పతకములు విడివిడిగా లేవు; రెండు పందెముల మొత్తమునకే ఇచ్చిరి.

లెక్క ఇది. ఒక్కొక్క పందెమున అందరికంటె వేగముగా వచ్చినవానికి 100 మార్కులు. తక్కినవారికి, ఆ ఉత్తమ కాలమును వారి కాలముచే భాగించి నూటితో గుణింపగా వచ్చినన్ని. పిదప రెంటి సగటు. నార్వే దేశీయుడు బిర్గర్ రూడ్ డౌన్‌హిల్‌ను 287.4 సెకనులలో ముగించెను. జర్మనుడు ఫ్రాంజ్ ఫ్నూర్‌కు 291.8 పట్టెను, అనగా 98.49 మార్కులు. స్లాలమ్‌లో ఫ్నూర్ ప్రథముడై నూరు పొందగా సగటు 99.25 అయినది. స్వర్ణము అతనిదే. డౌన్‌హిల్‌లో అందరిని మించిన రూడ్‌కు స్లాలమ్ అచ్చిరాలేదు. మొత్తమున నాలుగవవాడై రిక్తహస్తములతో మిగిలెను. అయితే ఆ క్రీడలలోనే ఆయన స్కీ దూకుడు పోటీలో స్వర్ణము గెలిచినాడు, అది వేరు మాట.

స్త్రీల పందెము ఇంకను చిత్రము. జర్మన్ వనిత క్రిస్టెల్ క్రాన్జ్ డౌన్‌హిల్‌లో జారిపడి, నార్వే బాలిక లైలా షౌ నీల్సెన్ కంటె 19 సెకనులు వెనుకబడెను. నీల్సెన్‌కు అప్పటికి పదునారేండ్లే. స్లాలమ్‌లో క్రాన్జ్ ప్రథమురాలు కాగా, నీల్సెన్ సుమారు 21 సెకనులు వెనుకబడెను. సెకనులు లెక్కించిన ఇద్దరి నష్టము ఇంచుమించు సమానమే! కాని క్రాన్జ్ పోగొట్టుకొన్నవి ఆరు మార్కులలోపు, నీల్సెన్ పోగొట్టుకొన్నవి పదమూడు. స్లాలమ్ కాలము డౌన్‌హిల్ కాలములో సగమైనను లేదు కనుక, అందు ఒక్కొక్క సెకను విలువ రెట్టింపునకు మించినది. క్రాన్జ్‌కు 97.06తో స్వర్ణము, నీల్సెన్‌కు 93.48తో కాంస్యము దక్కినవి. లెక్క శుద్ధముగనే యున్నది. ఐనను కొండ దిగుటలో ప్రథములైన రూడ్, నీల్సెన్‌లకు ఆ నైపుణ్యమునకై ఒక పతకమైనను లేకపోవుట మాకు న్యాయముగా తోచదు. 1948లో సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్ నాటికి డౌన్‌హిల్‌కు, స్లాలమ్‌కు వేర్వేరు పతకములు ఏర్పడినవి.

ఈ నిష్పత్తి లెక్క సామాన్యులకు వేరొక రూపమున అక్కరకు వచ్చినది. 1968లో అమెరికాలో 'స్కీ' పత్రిక సంపాదకుడు జాన్ ఫ్రై, ఫ్రాన్సులోని ఒక పద్ధతిని చూచి, నాస్టార్ అను పోటీని నెలకొల్పెను. ఒక కొండపై పరుగెత్తినవానిని వేరొక కొండపై పరుగెత్తినవానితో పోల్చుటయే ఇందలి చిక్కు. అందుకై ప్రతి కేంద్రమునందలి ప్రమాణ పరుగరి, దేశమున మేటియైనవానికంటె నూటికి ఎంత వెనుకనున్నాడో ముందుగా తేల్చుదురు. ఉదాహరణకు అతడు నూటికి 5 వెనుక అనుకొందము. ఆనాటి వాలును అతడు 42 సెకనులలో దిగిన, మేటివానికి 40 పట్టెడిదని అర్థము. అదే వాలును 50 సెకనులలో దిగిన గుమాస్తా నూటికి 25 వెనుక. పతకమునకు కావలసిన హద్దు వయస్సునుబట్టి, స్త్రీపురుష భేదమునుబట్టి మారును. కావున డెబ్బది యేండ్ల తాత, మనుమనికంటె ఆలస్యముగా దిగియు, వానికి దక్కని స్వర్ణమును ఇంటికి కొనిపోవచ్చును.