వెండి ఆకాశం

పదిహేనో శతాబ్దం తొలి దశకాల్లో ఫ్లారెన్స్ నగరంలో ఫిలిప్పో బ్రునెలెస్కీ అనే శిల్పి, వాస్తుశిల్పి ఒక చిన్న పలక మీద అక్కడి బాప్టిస్టరీ అనే చర్చి భవనాన్ని, దూరం పెరిగేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించే పెర్‌స్పెక్టివ్ లెక్క తప్పకుండా గీశాడు. పలకలో మసూరు గింజంత రంధ్రం ఉండేది. దాని వెనక కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మను చూడాలి. ఆయన జీవితచరిత్ర రాసిన మానెట్టి ఇదంతా వర్ణించాడు. పెర్‌స్పెక్టివ్ పుట్టుకకు సాక్ష్యంగానే ఈ కథను ఎక్కువగా చెబుతుంటారు. అందులోనే ఉన్న ఇంకో సంగతి అంతకంటే విలువైనదని నా అభిప్రాయం. భవనం వెనక ఆకాశం రావలసిన చోట బ్రునెలెస్కీ రంగు వేయలేదు, మెరుగుపెట్టిన వెండి అద్దాడు. గాలికి కదిలే మబ్బులతో సహా అసలు ఆకాశమే అందులో కనబడేది.

ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో చూపేలా కంప్యూటర్‌తో చేసే త్రీడీ ఎలివేషన్ బొమ్మల చరిత్ర కూడా ఆ వెండి దగ్గరికి చేరడానికి పడిన పాట్లే. 1971లో గూరో, ఆ తర్వాత ఫాంగ్ అనే పరిశోధకులు యూటా విశ్వవిద్యాలయంలో వంపు తలాలకు నునుపైన వెలుగునీడలు తెచ్చారు. 1980లో టర్నర్ విటెడ్ కాంతికిరణాన్ని వెనక్కి వెంబడించి అద్దాల్లో ప్రతిబింబాలు, నేల మీద నీడలు చూపించాడు. అయినా ఆ పద్ధతుల్లో గీసిన ఇల్లు ప్లాస్టిక్ బొమ్మలా ఉండేది. కారణం నీడలోనే ఉంది. ఎర్రమట్టి వాకిలి ఉన్న తెల్ల సున్నపు ఇంటిని మిట్టమధ్యాహ్నం చూడండి. సన్‌షేడ్ అడుగుభాగానికి ఎండ తగలదు, అయినా అది నల్లగా ఉండదు. వాకిలి నుంచి ఎగసిన వెలుగుతో అక్కడ లేత ఎరుపు జీర కనిపిస్తుంది. గోడ మీది నీడలోనేమో ఆకాశపు నీలం కలుస్తుంది. పాత ప్రోగ్రాములు ఈ వైవిధ్యానికంతటికీ బదులు ఒకే అంకె వేసి సరిపెట్టేవి. ఇలా ఒక తలం నుంచి ఇంకో తలానికి వెలుగు చేరే తీరును 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టారు. 1986లో జేమ్స్ కజియా మొత్తం వ్యవహారాన్ని ఒకే సమీకరణంలో పెట్టాడు. 1998లో పాల్ డెబెవెక్ అద్దంలాంటి గోళాన్ని ఫొటోలు తీసి, అందులో చిక్కిన పరిసరాల వెలుగునే కంప్యూటర్ వస్తువుల మీదికి మళ్లించాడు. బ్రునెలెస్కీ వెండి గుండ్రంగా తిరిగొచ్చిందన్నమాట.

నిజమనిపించేది వెలుగు కాదు, గోడల మీది మరకలూ పగుళ్లూ అనేవాళ్లున్నారు. 1974లో కాట్‌ముల్ తలాల మీద బొమ్మలు అతికించడం, మరకల్లాంటి క్రమంలేని చారలను లెక్కతోనే పుట్టించేందుకు 1985లో పెర్లిన్ చెప్పిన నాయిస్ పద్ధతి వాళ్ల పక్షాన నిలుస్తాయి. కాదనను, వానచారలు లేని ప్రహరీని ఎవరు నమ్ముతారు? కానీ 1978లో జిమ్ బ్లిన్ చూపిన గరుకుతనాన్ని గమనించండి. అతను తలాన్ని ఒక్క పిసరు కూడా ఎగుడుదిగుడు చేయలేదు. వెలుగు లెక్కలో తలం ఎటు తిరిగి ఉందో ఆ దిశను మాత్రం కాస్త చెదరగొట్టాడు. గరుకు కూడా చివరికి వెలుగు పనే. వెలుగు తప్పితే ఎంత మంచి ఇటుక ఫొటో అయినా స్టిక్కర్‌లా తేలిపోతుంది.

పారిస్‌లోని బోజార్ కళాశాలలో వాస్తువిద్య నేర్చిన విద్యార్థులు వెలుగును ఎప్పుడూ ఎడమ పైనుంచి 45 డిగ్రీల వాలులోనే ఊహించుకునేవారు కదా, ఆ బొమ్మలు అందంగా లేవా అని అడగవచ్చు. అందంగానే ఉన్నాయి. అయితే ఆ నియమం కొలత చదవడానికి పెట్టుకున్నది. రెండడుగుల చూరుకు గోడ మీద నీడ రెండడుగులే దిగుతుంది. కన్నును నమ్మించడం వాళ్ల మొదటి లక్ష్యం కాదు.

1999లో ప్రీతమ్, షర్లీ, స్మిట్స్ సూర్యుడి స్థానాన్నీ, గాలిలోని మసకనూ బట్టి పగటి ఆకాశపు వెలుగును లెక్కించే నమూనా ఇచ్చారు. ఇప్పుడు ఊరి అక్షాంశం, తేదీ, గంట ఇస్తే చాలు, రెండరింగ్ సాఫ్ట్‌వేర్ సూర్యుణ్ణి సరైన చోట నిలబెడుతుంది. కాబట్టి బొమ్మలో ఎండ తప్పుగా పడితే అది సాంకేతిక లోపం కాదు, ఎంపిక. తూర్పు ముఖం ఇంటి గుమ్మం మీద సాయంత్రపు బంగారు ఎండ పడదు. హైదరాబాద్‌లో ఉత్తరం ఫేసింగ్ ఇంటి ముందు గోడకు సెప్టెంబరు చివర నుంచి మార్చి మూడో వారం దాకా నేరుగా ఎండే తగలదు. ఈసారి ఇళ్ల అమ్మకం బ్రోచర్ చేతికొస్తే ముందు ఇల్లు ఏ దిక్కుకు ఉందో అడిగి, తర్వాత బొమ్మలో నీడ ఎటు పడిందో చూడండి.