సహాయం, స్వేచ్ఛ: అలీగఢ్ చరిత్ర చెప్పే పాఠం

ముస్లిం నాగరికతలో మద్రసాలకు, గ్రంథాలయాలకు అండగా నిలిచిన ఏర్పాటు వక్ఫ్. దాత ఒక తోటనో, అంగళ్ల వరుసనో అంకితం చేస్తే, దాని రాబడి అధ్యాపకుల జీతాలకు, విద్యార్థుల పోషణకు వినియోగమయ్యేది. పాలకుడు మారినా పాఠం ఆగకూడదన్నదే అందులోని పరమార్థం. విద్యకు ధనం కావాలి; కాని ధనమిచ్చే చేయి విద్యను శాసించరాదు. ఈ రెండింటినీ పొందడమెలా అన్న ప్రశ్న బ్రిటిషు పాలనలో అలీగఢ్ ముందు నిలిచింది.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో ప్రారంభించిన పాఠశాల 1877లో కళాశాల అయింది. 1898లో ఆయన మరణించిన తరువాత, దానిని విశ్వవిద్యాలయంగా చేయాలన్న కోరిక బలపడింది. 1911లో ఆగా ఖాన్ నాయకత్వాన నిధి సేకరణ సాగింది. షౌకత్ అలీ ఆయనతో కలిసి దేశమంతా తిరిగారు. నవాబులతో పాటు సామాన్యులూ విరాళాలిచ్చారు.

అయితే ధనం సమకూరినంత సులువుగా స్వేచ్ఛ సమకూరలేదు. దేశంలోని ముస్లిం కళాశాలలన్నింటినీ అనుబంధించుకొనే అధికారం కావాలని ముస్లిం ప్రముఖులు కోరారు. 1912లో ప్రభుత్వం దానికి నిరాకరించి, విశ్వవిద్యాలయం అలీగఢ్‌కే పరిమితం కావాలన్నది. ఏళ్ల తరబడి సంప్రదింపులు నడిచాయి. చివరకు 1920 చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయ కోర్టు సభ్యత్వం ముస్లిములకే దక్కింది. కాని లార్డ్ రెక్టర్ హోదాలో గవర్నర్ జనరల్‌కు తనిఖీ అధికారం ఉండిపోయింది. ముప్పై లక్షల రూపాయల శాశ్వత నిధిని సమాజమే సమకూర్చుకోవలసి వచ్చింది.

అదే సంవత్సరం అక్టోబరు 29న మరొక మార్గం తెరుచుకుంది. ప్రభుత్వ గ్రాంటును వదులుకోవాలన్న పిలుపును కళాశాల ధర్మకర్తలు అంగీకరించకపోగా, బయటికి వచ్చినవారు అలీగఢ్‌లోనే జామియా మిల్లియాను స్థాపించారు. 1925లో అది ఢిల్లీకి తరలింది. దానికి స్వేచ్ఛ లభించింది, పేదరికమూ లభించింది. ఖిలాఫత్ నిధులు ఎండిపోయాక అధ్యాపకులు స్వల్ప జీతాలతో దానిని నిలబెట్టారు. త్యాగంతో తరగతి గది నడుస్తుంది. ప్రయోగశాలను, పరిశోధనా గ్రంథాలయాన్ని తరతరాలు నడపడం దుస్సాధ్యం.

ఈ రెండు మార్గాలనూ ఎరిగినవారు 1897లో హైదరాబాద్‌లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్. జామియాకు 1926 నుండి 1948 వరకు, ఆపైన అలీగఢ్‌కు 1956 వరకు ఆయన వైస్ ఛాన్సలర్. రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లోనూ ఆయన సభ్యులు. ప్రభుత్వ సహాయం వేరు, విద్యా వ్యవహారాలపై ప్రభుత్వ పెత్తనం వేరు అని ఆ కమిషన్ స్పష్టం చేసింది. నిధుల పంపిణీకి ప్రత్యేక సంఘం ఉండాలన్నది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘానికి 1956లో చట్టబద్ధత లభించింది.

సూత్రం అంగీకరించడం ఒకటి, పాటించడం మరొకటి. 1965లో ఆర్డినెన్సు ద్వారా అలీగఢ్ కోర్టు అధికారాలను ప్రభుత్వం తగ్గించివేసింది. వాటి పునరుద్ధరణకు 1981 సవరణ చట్టం దాకా వేచివుండవలసి వచ్చింది.

సహాయాన్నీ, స్వేచ్ఛనూ ఒకేసారి కోరడం అత్యాశ అని కొందరంటారు. వక్ఫ్ చేసిన పూర్వికులు అలా భావించలేదు. ఒకటి లేనిదే రెండవది నిలవదని వారు ఎరుగుదురు.