రాతప్రతికీ పుటకూ మధ్య లింకు

మీ చేతిలో ఉన్న పాఠ్యపుస్తకాన్ని ఒకసారి తెరిచి చూడండి. అందులోని వాక్యాలను ఒకరు టైపు చేస్తే, వాటిని పుటలుగా అమర్చింది మరొకరు. ఆ రెండు పనులకూ వాడిన సాఫ్ట్‌వేర్లు కూడా వేర్వేరు. మొదటిది వర్డ్ ప్రాసెసర్, రెండోది పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్. ఒకదాని నుంచి రెండోదానికి ఫైలు ఎలా చేరుతుందన్నది చిన్న సంగతిగానే కనిపిస్తుంది. కాని ఒక పుస్తకానికి అసలు ప్రతి ఏది అన్న ప్రశ్న అక్కడే తలెత్తింది.

సీసపు అక్షరాల కాలంలో ఈ చిక్కు లేదు. కంపోజిటర్ రాతప్రతిని ఎదురుగా పెట్టుకుని అక్షరాలు పేర్చేవాడు. పేర్చడం పూర్తయ్యాక రాతప్రతి పని ముగిసినట్టే. రచయిత ఏదైనా మార్చదలిస్తే ప్రూఫు కాగితం అంచున రాసి పంపాలి, కంపోజిటర్ ఆ వరుస విప్పి సరిచేయాలి. దిద్దుబాటు ఖరీదైన వ్యవహారం కనుక అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని దిద్దేవారు.

1985లో పరిస్థితి మారింది. ఆ ఏడాది ఆపిల్ సంస్థ లేజర్‌రైటర్ ప్రింటరును విడుదల చేసింది. అంగుళానికి 300 చుక్కలు ముద్రించే ఆ యంత్రానికి అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష తెలుసు. అదే సంవత్సరం అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ బ్రెయినర్డ్ స్థాపించిన ఆల్డస్ సంస్థ మెకింతోష్ కంప్యూటరు కోసం పేజ్‌మేకర్‌ను తెచ్చింది. పత్రికలకు కంప్యూటర్ వ్యవస్థలు అందించే ఏటెక్స్ సంస్థలో అంతకుముందు పనిచేసిన బ్రెయినర్డ్, తన సంస్థకు వెనిస్ నగరపు ప్రాచీన ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరు పెట్టుకున్నాడు. 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అన్న మాట ఆయన వల్లనే వాడుకలోకి వచ్చింది. మనం డీటీపీ అంటున్నది దాన్నే.

పేజ్‌మేకర్‌లో 'ప్లేస్' అనే ఆజ్ఞ ఉండేది. వర్డ్‌లో టైపు చేసిన ఫైలును దానితో తెచ్చి పుట మీద పరచవచ్చు. తర్వాతి వెర్షన్లలో దీనికి 'లింకు' తోడైంది. లింకు అంటే తాడేమీ కాదు. మూలఫైలు ఏ ఫోల్డరులో ఉంది, చివరిసారి ఎప్పుడు మారింది అన్న వివరాలను పుట గుర్తుపెట్టుకోవడమే. మూలఫైలు తేదీ మారితే సాఫ్ట్‌వేర్ కనిపెడుతుంది. 'దానంతట అదే తాజా చేయి', 'చేసే ముందు హెచ్చరించు' అని పేజ్‌మేకర్‌లో మనం ఎంచుకోవచ్చు కూడా.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో కొంచెం లెక్క వేద్దాం. ఏ4 పుట నిండా ఉండే నలుపు తెలుపు ఛాయాచిత్రాన్ని 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 87 లక్షల బైట్లు అవుతుంది. 1985 నాటి మెకింతోష్ ఫ్లాపీలో పట్టేది దాదాపు 4 లక్షల బైట్లే. కనుక బొమ్మను బయటే ఉంచి, తెర మీద దాని నీడను మాత్రం చూపి, ముద్రించేటప్పుడు అసలును పిలవడం తెలివైన పని. మరి ఒక పుట ఇంగ్లీషు పాఠం? రెండు మూడు వేల బైట్లు. దాన్ని బయట ఉంచాల్సిన అవసరం చోటు కోసమైతే కాదు. రచయిత చేసే మార్పులు పుటకు చేరాలన్నదే అక్కడి ఉద్దేశం.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. బొమ్మకు సరిపోయిన ఉపాయాన్ని పాఠానికీ తొడిగారు. బొమ్మను పుట మీద కత్తిరించినా, చిన్నది చేసినా మూలచిత్రం చెక్కుచెదరదు, లింకు తాజా చేస్తే కొత్త చిత్రం అదే చట్రంలోకి వచ్చి కూర్చుంటుంది. పాఠం అలా కాదు. దాన్ని పుట మీదే దిద్దుతారు, పదం విరుస్తారు, ఒక వరుస మిగిలిపోతే మాట మార్చి సర్దుతారు. ఇప్పుడు మీరే ఆ డీటీపీ ఆపరేటరు కుర్చీలో ఉన్నారనుకోండి. మూడు ప్రూఫుల దిద్దుబాట్లు పుటల్లో చేశారు. ఆ రాత్రి రచయిత తన పాత వర్డ్ ఫైలులో రెండు వాక్యాలు మార్చి అదే పేరుతో పంపాడు. మీరు దాన్ని పాత ఫైలు మీదే సేవ్ చేసి లింకును తాజా చేశారు. ఆ రెండు వాక్యాలూ వచ్చాయి. మూడు ప్రూఫుల శ్రమా పోయింది. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు, చెప్పినట్టే చేసింది!

1987లో వచ్చిన క్వార్క్ ఎక్స్‌ప్రెస్ ఈ తలనొప్పిని మొదటి నుంచీ దూరం పెట్టింది. బొమ్మలకు లింకు ఉంచి, పాఠాన్ని మాత్రం లోపలికి నకలు చేసుకుంది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనుగోలు చేసింది. 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది. అందులో వర్డ్ ఫైళ్ళకు లింకు పెట్టుకునే సౌకర్యం ఉన్నా, తర్వాతి వెర్షన్లలో మనం ప్రత్యేకంగా కోరితే తప్ప అది పనిచేయదు. లింకు తాజా చేస్తే పుట మీది దిద్దుబాట్లు పోతాయని ఆ సంస్థ సహాయ పుటల్లోనే హెచ్చరిక ఉంటుంది. దీనికి తోడుగా వచ్చిన ఇన్‌కాపీలో మరో పద్ధతి పెట్టారు. ఒక పాఠాన్ని ఒకరు తీసుకుని దిద్దుతున్నంతసేపు మిగిలినవారు చదవగలరే గాని మార్చలేరు. గ్రంథాలయంలో ఉన్న ఒకే ప్రతిని ఒకరికి అరువిచ్చినట్టన్నమాట.

మన తెలుగుకు వచ్చేసరికి ఇంకో మెలిక పడింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఇన్‌డిజైన్ భారతీయ లిపులను అధికారికంగా అమర్చడం మొదలుపెట్టింది 2012 నాటి సీఎస్6తోనే. అంతవరకూ, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా, మన డీటీపీ కేంద్రాలు అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే పనిచేశాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు ముక్కలు కూర్చుంటాయి. కంటికి కనిపించేది గుణింతం, కంప్యూటరుకు తెలిసింది ఇంగ్లీషు సంకేతం. వర్డ్ దాన్ని ఇంగ్లీషే అనుకుని వాక్యం మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్దది చేసేది, నిలువు కొటేషన్ గుర్తును వంకర గుర్తుగా మార్చేది. తెలుగులో చూస్తే ఏముంది? ఒక ముక్క బదులు మరో ముక్క! లింకు తాజా చేసిన ప్రతిసారీ ఇలాంటి తప్పులు మళ్ళీ పుటల్లోకి రావచ్చు.

అందుకే అనుభవజ్ఞులైన ఆపరేటర్లు మొదటి ప్రూఫు తీయగానే లింకు తెంచేస్తారు. ఇకపై పుటే మూలం, రచయిత చూడవలసింది ప్రింటు మాత్రమే. ఇది నాకూ నచ్చిన పద్ధతే. లింకు ఉంచుకోదలిస్తే మరో దారి ఉంది. పుట మీద చేత్తో ఏదీ దిద్దకుండా, ప్రతి దిద్దుబాటునూ వర్డ్‌లోనే చేసి, ఆకృతినంతటినీ స్టైళ్ళకే అప్పగించాలి. వర్డ్‌లో 'అధ్యాయ శీర్షిక' అనే స్టైలు, పుటలోనూ అదే పేరుతో స్టైలు ఉంటే, ఇన్‌డిజైన్ మామూలుగా పుటలోని రూపాన్నే ఎంచుకుంటుంది. ఇందుకు రచయిత, సంపాదకుడు, ఆపరేటరు ముగ్గురూ ఒకే క్రమశిక్షణ పాటించాలి. అదెంత అరుదో మీరు ఉద్యోగంలో చేరాక చూస్తారు.

లింకు తెంచడానికీ మూల్యం ఉంది. పదిహేనేళ్ళ తర్వాత రెండో ముద్రణ కావాలంటే రచయిత దగ్గర ఉన్నది దిద్దని వర్డ్ ఫైలు. దిద్దిన పాఠం ఉన్నది పేజ్‌మేకర్ ఫైలులో. ఆ సాఫ్ట్‌వేర్ చివరి ప్రధాన వెర్షన్ 7, 2001లో వచ్చింది. ఇన్‌డిజైన్ సీఎస్6 ఉన్న పాత కంప్యూటరు ఎక్కడైనా దొరికితే ఆ ఫైలు తెరుచుకోవచ్చు. తెరిచాక పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మొదటి ముద్రణ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని, వరుస వరుసా మళ్ళీ ప్రూఫు చదవాలి.