బంగారం పోయిన ఊళ్ళో

మా అవ్వది కర్నూలు జిల్లాలో తుగ్గలి దగ్గర ఒక పల్లె. తొలకరి పడిందంటే చాలు, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తలవంచుకుని నడిచేవి. సిగ్గుతో కాదు లెండి, వజ్రాల కోసం! వాన నీటికి పైమట్టి కొట్టుకుపోయి ఎక్కడో ఒక రాయి తళుక్కుమంటుందని ఆశ. జొన్నగిరి, పగిడిరాయి, అనంతపురం వైపు వజ్రకరూరు, ఇప్పటికీ అంతే. సద్దిమూట కట్టుకుని, చంకలో పిల్లతో సహా దూరపు ఊళ్ళ నుంచి వచ్చి, గుడి అరుగుల మీద పడుకుని మరీ వెతుకుతారు. చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకుని నేనూ వెతికాను. నాకు దొరికినవల్లా గాజుపెంకులే. అవ్వ వాటిని పారేయనిచ్చేది కాదు. "ఎవురి గాజో పాపా, యా పిల్ల ఏసుకున్నెదో ఏమో" అంటూ ఒక రేకుడబ్బాలో వేసి దాచేది.

మళ్ళీ యాభై ఏళ్ళకు నాకు నేలచూపులు చూసే యోగం పట్టింది. అదీ ఎక్కడనుకున్నారు? ఆస్ట్రేలియాలో!

మా అమ్మాయి కాపురం మెల్‌బోర్న్‌లో. నాలుగు నెలలుండి వద్దామని వెళ్ళాను. ఒక శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడు, "అత్తయ్యా, రేపు బంగారం కోసం వెళ్తున్నాం, మీరూ రండి" అన్నాడు. ఏ నగల కొట్టువాళ్ళో తరుగు లేకుండా ఇస్తున్నారు కాబోలనుకుని మంచి పట్టుచీర తీసిపెట్టుకున్నాను. తెల్లారి చూద్దును కదా, కారు వెనకాల గడ్డపార, చిన్న పార, బకెట్టు, ఈగలు ముసరకుండా మొహానికి వేసుకునే వలలు! అన్నిటికీ పైన, చేతికర్ర చివర కంచం తగిలించినట్టున్న ఒక యంత్రం. "చీర మార్చుకోమ్మా" అంది మా అమ్మాయి నవ్వాపుకుంటూ.

ఆ యంత్రం మెటల్ డిటెక్టర్. పెద్ద గుళ్ళ దగ్గరా, విమానాశ్రయాల్లోనూ మనల్ని తడిమి చూసేదానికి పెద్దన్న. వాటిని భుజాన వేసుకుని, సెలవురోజుల్లో పదిమంది కలిసి, ఒకప్పుడు గనులతో వెలిగి ఇప్పుడు పాడుబడిపోయిన ఊళ్ళకు వెళ్ళడం అక్కడ కొందరికి సరదా. మన కార్తీకమాసం వనభోజనాల్లాంటిదే అనుకోండి. మా బృందంలో పన్నెండుమంది. ఒక నర్సు, ఒక వడ్రంగి, రిటైరైన బస్సు డ్రైవరు, ఇంకా ఎవరెవరో. అందరికీ పెద్దదిక్కు ఒక పంతులమ్మగారు. డెబ్బై దాటాయి. నడకలో మాత్రం మా అల్లుడు ఆవిణ్ణి అందుకోలేడు.

బయల్దేరేముందు నా పేరున ఒక కాగితం చేతిలో పెట్టారు. మైనర్స్ రైట్ అట. మైనరుబాబుల హక్కనుకునేరు, గనిపనివాళ్ళ హక్కు! కొద్దిపాటి రుసుము కడితే పదేళ్ళు చెల్లుతుంది. అది ఉంటే, అనుమతించిన ప్రభుత్వ భూముల్లో చేతి పనిముట్లతో వెతుక్కోవచ్చు. దొరికిన బంగారం దొరికినవాళ్ళదే.

"ఆ కాగితం ఊరికే రాలేదు, ప్రాణాలు పోతే వచ్చింది" అంది పంతులమ్మగారు. ఆవిడ మా కారులోనే కూర్చుంది. ఆవిడ చెప్పడం, నాకు అర్థంకానిచోట మా అమ్మాయి తెలుగులో విప్పడం - రెండొందల కిలోమీటర్ల దారి తెలియకుండా గడిచిపోయింది.

1851లో విక్టోరియాలో బంగారం బయటపడింది. అప్పటికి అక్కడి లెక్కల్లో జనాభా 77 వేలు. పదేళ్ళు తిరిగేసరికి 5 లక్షల 38 వేలు! ఇంగ్లండు, ఐర్లండు, జర్మనీ, అమెరికా, చైనా, ఎక్కడెక్కడివాళ్ళో ఓడలెక్కి వచ్చిపడ్డారు. రాత్రికి రాత్రి గుడారాల ఊళ్ళు లేచాయి. ప్రభుత్వం ఊరుకుంటుందా? బంగారం దొరికినా, దొరక్కపోయినా నెలకు 30 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలంది. పొద్దస్తమానం పోలీసులు గుంటల్లోంచి మనుషుల్ని పైకి పిలిచి, లైసెన్సేదీ అని నిలదీయడం! ఓపిక నశించింది. 1854లో బల్లరాట్‌లోని యురేకా దగ్గర పనివాళ్ళు కర్రలతో కోట కట్టుకుని ఎదురుతిరిగారు. డిసెంబరు 3 తెల్లవారుజామున సైనికులు వాళ్ళమీద పడ్డారు. ఇరవైమందికి పైగా పోయారు. అయితే ఆ మరుసటేడే నెలనెలా లైసెన్సు పోయి, ఏడాదికి ఒక్క పౌనుతో మైనర్స్ రైట్ వచ్చింది. దాంతోపాటు ఓటు హక్కూ వచ్చింది.

"ఎవరికి?" అన్నాను. అడక్కుండా ఉండలేను కదా!

"ఇంకెవరికి, మగవాళ్ళకి" అని నవ్విందావిడ.

ఆ తిరుగుబాటు జెండాను కుట్టింది ఆడవాళ్ళేనని అక్కడ చెప్పుకుంటారు. బల్లరాట్‌లో పత్రిక నడిపే సంపాదకుణ్ణి రాజద్రోహమంటూ పట్టుకుపోతే, ఆయన భార్య క్లారా సీకాంప్ పత్రిక ఆగిపోకుండా తానే నడిపింది. అయినా విక్టోరియా శాసనసభకు ఓటువేసే హక్కు ఆడవాళ్ళకు దక్కింది 1908లో! చైనావాళ్ళ పాట్లు మరో రకం. 1855లో వాళ్ళమీద మాత్రం తలకు పది పౌన్ల పన్ను వేశారు. ఆ పన్ను తప్పించుకోవడానికి వాళ్ళు పక్క రాష్ట్రంలో ఓడ దిగి, అక్కడినుంచి వందల కిలోమీటర్లు నడిచి గనులకు వచ్చారు. ఇక ఆ నేల అసలు సొంతదారులు జాజా వురుంగ్ జాతివారు. తవ్వి తవ్వి తిరగేసిన ఆ నేలను వాళ్ళు 'తలకిందులైన దేశం' అంటారట.

ఆ మాట ఎంత నిజమో మొలియాగుల్ చేరాక తెలిసింది. ఒకప్పుడు వేలమంది కిటకిటలాడిన ఊరు. ఇప్పుడు నాలుగిళ్ళు, పాత రాతికట్టడాలు, చుట్టూ అడవి. అడవిలో అడుగడుగునా పూడీపూడని గుంటలు, పక్కన మట్టిదిబ్బలు. పందికొక్కులు తవ్వేసిన పొలంలా ఉంది.

ఆ ఊరికి అంత పేరెందుకంటే, 1869 ఫిబ్రవరి 5న అక్కడ జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు ముద్ద దొరికింది. ఎంత లోతులోనో కాదు, చెట్టు మొదట్లో, పైమట్టి కిందే! కరిగించగా వచ్చిన బంగారం సుమారు 72 కిలోలు. మన లెక్కలో ఆరువేల తులాల పైమాటే. గుండె పట్టుకున్నారా? నేనూ అంతే! ఇంటికి తెచ్చి, అంటుకున్న రాయి వదిలేదాకా పొయ్యిలో కాల్చారు. పక్క ఊరు డనోలీలో బ్యాంకుకు తీసుకువెళితే అంత ముద్దను తూచే తక్కెడ లేక, కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టారు. ఫొటో తీసేలోపే కరిగిపోయింది. 1897లో అక్కడొక స్మారకస్తంభం కట్టారు. దాని ముందు నిలబడి నాకొచ్చిన అనుమానం ఒకటే. ఆ ముద్దను కాల్చిన పొయ్యి ఎవరిది? ఆ పూట ఆ ఇంటి ఇల్లాలు వంట ఎక్కడ చేసుకుంది?

అదంతా పాతకాలం ముచ్చట అనుకునేరు. 1980లో ఆ దాపునే కింగోవర్ దగ్గర ఒకాయనకు డిటెక్టర్‌తోనే 27 కిలోల ముద్ద దొరికింది. దాన్ని అమెరికాలో లాస్ వేగాస్ జూదశాలవాళ్ళు పది లక్షల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కున్నారు. అప్పటినుంచీ డిటెక్టర్లు పట్టుకున్న జనం ఆ అడవులను వదలడం లేదు.

ఇంతకీ యంత్రం ఎలా పనిచేస్తుందంటారా? మన ఇండక్షన్ పొయ్యి తెలుసు కదా, లోపల తీగచుట్టలో కరెంటు అటూఇటూ పరిగెడుతూ పైనున్న గిన్నెలో కరెంటు పుట్టిస్తుంది. ఇదీ దాదాపు అంతే. కంచంలాంటి దానిలో తీగచుట్ట ఉంటుంది. కింద మట్టిలో లోహముంటే అందులో చిన్న కరెంటు పుట్టి బదులు పలుకుతుంది. ఆ బదులు మన చెవిలో 'కుయ్'మంటుంది.

దీని మొదటి రోజుల్లో ఒక విషాదం ఉంది. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చాడు. ఒంట్లో గుండు ఎక్కడుందో డాక్టర్లకు అంతుపట్టలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తెచ్చాడు. కానీ పెద్ద డాక్టరుగారు కుడివైపే వెతకనిచ్చాడు. పైగా పరుపులోని ఇనుప స్ప్రింగులు యంత్రాన్ని తికమక పెట్టాయంటారు. గుండు ఉన్నది ఎడమవైపు! సెప్టెంబరులో అధ్యక్షుడు కన్నుమూశాడు. యంత్రానిదేం తప్పు, వెతకమన్న చోటే వెతికింది పాపం.

మా వేట మొదలైంది. మా అమ్మాయికి మేకులు దొరికాయి. నర్సుకు తుపాకి రవ్వలు. బస్సు డ్రైవరుకు గుర్రపు నాడా సగం. మా అల్లుడు గంటసేపు చెమటోడ్చి తవ్వితే సార్డీన్ డబ్బా మూత బయటపడింది. తవ్విన ప్రతి గుంటనూ మళ్ళీ పూడ్చాలి, అది నియమం. మధ్యాహ్నం నేను చేసుకెళ్ళిన పులిహోర అందరూ రెండేసి సార్లు వడ్డించుకున్నారు. ఆ పూట మొత్తంలో అసలైన బంగారురంగు దానిదే!

భోజనాలయ్యాక యంత్రం నా చేతికిచ్చారు. రెండు కిలోలుంటుంది. నేల మీద చీపురు ఆడించినట్టు ఆడిస్తూ, అదే ధ్యాసలో కాస్త దూరం వచ్చేశాను. ఎదురుగా కూలిన పొయ్యిగూడు, రాళ్ళకుప్ప. ఇల్లు ఆనవాలు లేదు. దాని పక్కన యంత్రం కుయ్‌మంది. వంగి చేత్తోనే మట్టి గీకాను. బొటనవేలంత ఇత్తడి ముక్క. ఒళ్ళంతా సన్నటి చుక్కలు. తుడిచి చూస్తే, కుట్టుపనిలో సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు! నా మధ్యవేలికి పెట్టుకున్నాను. నాకోసం కొలిచి చేసినట్టు సరిపోయింది. గబుక్కున పిడికిలి మూసేశాను. ఎందుకు మూశానో చెప్పక్కర్లేదు కదా.

పంతులమ్మగారు చూడనే చూసింది. దగ్గరికొచ్చి, కోప్పడలేదు. "ఎక్కడ తీశావో చూపించు" అంది. చూపించాను. మనకున్న కాగితం బంగారం వెతకడానికేననీ, 75 ఏళ్ళు దాటిన ఇళ్ళ ఆనవాళ్ళను అనుమతి లేకుండా కదపకూడదని 2017 నాటి చట్టముందనీ చెప్పింది. నాకు మొహం చెల్లలేదు. తర్వాత ఆవిడ అన్న మాటకు మాత్రం చట్టం కంటే ఎక్కువ కదిలిపోయాను.

"ఇది పొయ్యికి కుడిపక్కన పడుంది. అంటే రాత్రిపూట దీపం ఖర్చు లేకుండా, పొయ్యి వెలుగులో ఎవరో కూర్చుని బట్టలు కుట్టుకుంది. ఆ సంగతి మనకు ఇది ఇక్కడుంటేనే తెలుస్తుంది. నీ పెట్టెలోకి వెళ్ళిందనుకో, అది ఒక పాత ఇత్తడి ముక్క."

తీసినచోటే పెట్టి మట్టి కప్పాను. ఆవిడ ఫొటో తీసి, ఆ చోటు గుర్తు రాసుకుని, పురావస్తువుల ఆఫీసుకు తెలియజేస్తానంది. వేలి చివర మట్టిమరక చాలాసేపు అలాగే ఉంచుకున్నాను.

మొలియాగుల్‌లో మరో గుర్తు కూడా చూశాం. 1880లో అక్కడి బడిపంతులుగారికి పుట్టిన జాన్ ఫ్లిన్ పేరున కట్టింది. ఆ పిల్లాడి పసితనంలోనే తల్లి పురిట్లో పోయింది. పెద్దయి పాదిరీ అయ్యాక, డాక్టరు అందుబాటులో లేని మారుమూలలకు విమానంలో వైద్యం పంపాలని పట్టుబట్టి, 1928లో ఎగిరే డాక్టర్ల సేవను మొదలుపెట్టించాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. నన్నడిగితే ఆ ఊళ్ళో దొరికిన పెద్ద ముద్ద అదే.

తిరుగుదారిలో కాసిల్‌మెయిన్ దగ్గర పంతులమ్మగారు కారు ఆపించింది. ఒక చిన్న మెట్ట. దాని పేరు పెన్నీవెయిట్ ఫ్లాట్. పెన్నీవెయిట్ అంటే బంగారం తూచే చిన్న తూకం, ఒకటిన్నర గ్రాము. అక్కడ అంతకుమించి దొరకదని ఆ పేరు. తవ్వినా లాభంలేని నేల కాబట్టే, 1852 నుంచి అయిదేళ్ళపాటు పిల్లల్ని అక్కడ పాతిపెట్టారు. సుమారు రెండొందలమంది, చాలావరకు పసివాళ్ళే. గుడారాల్లో బతుకు, మురికి నీళ్ళు, విరేచనాలు. చాలా సమాధుల మీద పేరైనా లేదు, పేర్చిన రాళ్ళే. బంగారం తగ్గగానే పెద్దవాళ్ళు మూటాముల్లె సర్దుకుని మరో ఊరు పోయారు. బిడ్డను అక్కడ వదిలి ఆ తల్లులు బండెలా ఎక్కారో! యంత్రాలన్నీ కారులోనే ఉన్నాయి. ఎవరూ దించలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి, "ఏమీ దొరకలేదని దిగులా అమ్మా?" అంది. దిగులే, కానీ దానికి కాదు. అవ్వ పోయినప్పుడు ఆ ఇల్లు సర్దింది నేనే. అటకమీద గాజుపెంకుల రేకుడబ్బా కనిపించింది. మూత తీసి చూసి, చెత్తంతా ఎందుకు దాచిందో అనుకుని, దిబ్బలో కుమ్మరించి వచ్చాను.