మురుగుకీ ఒక దరఖాస్తు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దవాళ్లు, కట్టిన ఇంట్లోని నీళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పకుండా వదిలేశారు. వాళ్ల తప్పేం లేదు లెండి. వాళ్ల రోజుల్లో ఆ ప్రశ్నే లేదు. బావిలోంచి చేదతో తోడుకునే నీళ్లు ఎన్ని? నాలుగు బిందెలు, పండగైతే పది బిందెలు. స్నానం చేసిన నీళ్లు జలదారిలోంచి జారి అరటిచెట్టు మొదట్లోకి పోయేవి, గిన్నెలు కడిగినవి చేమ మడిలోకి. పొయ్యిలో బూడిద అంట్ల గిన్నెల మీదికి, పేడ దిబ్బలోకి. చెంబు పట్టుకుని ఊరి బయటికి పోయేవాళ్లు పోయేవాళ్లు. ఇందులో మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకోవాల్సిన సంగతి ఏముంది?

ఇప్పుడుంది. భూగర్భ మురుగుకాలవ వున్న ఏ పట్నంలోనైనా కొత్తగా ఇల్లు కట్టినవాళ్లని అడిగి చూడండి. ఇంటి గొట్టాన్ని వీధి గొట్టంలో కలపాలంటే దరఖాస్తు రాసుకోవాలి. దస్తావేజు నకలు, ఇంటి పన్ను రశీదు, ప్లాను, లైసెన్సు వున్న ప్లంబరు, రోడ్డు తవ్వినందుకు కట్టాల్సిన డబ్బు, ఇలా ఒక్కో ఊళ్లో ఒక్కో జాబితా. "మన మురుగు మనం వదుల్చుకోడానికి కూడా పర్మిషనా?" అని విసుక్కోని ఇల్లాలు వుండదు. ఈ పర్మిషను ఎక్కడ పుట్టిందో చూద్దామని చరిత్రలో వెనక్కి పోతే, అది విసుక్కుని వదిలేసే సంగతి కాదని తెలుస్తుంది.

కాలవలు మన దేశానికి కొత్త కావు. మొహెంజొదారోలో నాలుగు వేల ఏళ్లకి పైనే ఇంటింటి నీళ్లూ వీధిలోని ఇటుకల కాలవలోకి చేరేవి. వాటిని కలుపుకోడానికి వాళ్లు ఏ అధికారి కాళ్లు పట్టుకున్నారో, వాళ్ల లిపి విప్పగలిగిన పండితుడు పుడితేగానీ తేలదు. దరఖాస్తు వ్యవహారం బాగా రికార్డుకెక్కింది మాత్రం లండన్లో.

ఆ మహానగరంలో 1815 దాకా ఇంటి మరుగుదొడ్డిని వీధి కాలవలో కలపడం నిషేధం. వీధి కాలవలు వాననీళ్ల కోసం. ఇంటికి ఒక గుంట, అది నిండితే రాత్రివేళ వచ్చి ఎత్తుకుపోయే మనుషులు. అది ఆ ఊరి పద్ధతి. ఇంతలో నీళ్లు పోసే దొడ్లు వచ్చాయి. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే ఆయన, చేసేది గడియారాల పని, ఎస్ అక్షరంలా వంచిన గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపులో నిలిచే కాసిని నీళ్లే కింది దుర్వాసన పైకి రాకుండా అడ్డం పడతాయి. ఇవాళ మన ప్లంబరు 'ట్రాప్' అనేది ఆ వంపునే. సదుపాయం బాగుంది, కానీ బకెట్ల కొద్దీ నీళ్లు గుంటలోకి దిగితే గుంట వూరుకుంటుందా? పొంగింది. 1815లో కావాలంటే కాలవలో కలుపుకోవచ్చన్నారు. 1848కి వచ్చేసరికి గుంటలు మూసి కాలవలో కలపక తప్పదన్నారు. కూడదు, కూడును, కూడి తీరాలి! ఈ మూడు మాటలూ ముప్ఫై మూడేళ్లలో.

అయితే ఆ కాలవలన్నీ ఎక్కడికి పోతాయి? థేమ్సు నదిలోకి. ఊరు తాగేదీ ఆ నది నీళ్లే. 1848-49 కలరాలో ఒక్క లండన్లోనే 14 వేలమంది పోయారు. 1858 వేసవిలో నది కంపుకి పార్లమెంటు భవనం కిటికీ తెరలకి సున్నపు మందు పూశారు. పేదవాళ్లు పదేళ్లుగా చస్తుంటే కదలని ఫైలు, ప్రభువుల ముక్కుపుటాలు అదిరేసరికి కొద్ది రోజుల్లో కదిలింది. అప్పుడు జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు పెద్ద కాలవలు కట్టి మురుగుని ఊరికి దిగువకి మళ్లించాడు.

ఆ 1848లోనే ఇంగ్లండులో వచ్చిన ప్రజారోగ్య చట్టంలో వంద అడుగుల లెక్క ఒకటి వుంది. కొత్తగా కట్టే ఇంటికి వంద అడుగుల లోపల మురుగుకాలవ వుంటే ఇంటివాళ్లు అందులో కలుపుకోవాలి. ఈ వంద అడుగులు ఓడెక్కి మన దేశం వచ్చాయి. 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టంలో వున్నాయి. దాని పోలికతో రాసిన 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోకీ దిగాయి. ఆ చట్టాలు చదివితే ఒక తమాషా కనిపిస్తుంది. ఇంటి కాలవని ఊరి కాలవలో కలుపుకోవడం ఇంటివాళ్ల హక్కు అని ఒకచోట వుంటుంది. ముందుగా చెప్పి, కమిషనరు పెట్టిన షరతులకి లోబడి అని ఆ పక్కనే వుంటుంది. మీరు కలపకపోతే మేమే కలిపిస్తాం అని ఇంకోచోట. మనం అనుమతి భిక్ష అడుగుతున్నామనుకుంటాం గానీ, చట్టం దృష్టిలో అది హక్కూ, బాధ్యతా రెండూను.

హైదరాబాదు మాట వచ్చింది గనక మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని తలుచుకోకుండా దాటలేం. మదనపల్లె నించి చింతామణి మీదుగా చిక్కబళ్లాపురం పోతే అక్కడికి దగ్గర్లోనే ఆయన పుట్టిన ముద్దేనహళ్లి. ఇంటిపేరు మన మోక్షగుండానిది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. వరద ఆపడానికి మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టమన్నాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. అవి అందరికీ తెలుసు, పిక్నిక్కులకి పోతాం గనక. అదే విశ్వేశ్వరయ్య ఆ నగరానికి భూగర్భ మురుగుకాలవల పథకం కూడా వేశాడన్నది ఎందరు తలుచుకుంటారు? నేలకింద వున్నదానికి శిలాఫలకం వుండదు కదా.

మా ఊళ్ల సంగతీ అంతే. మదనపల్లె అనగానే 1915 నాటి అనీబిసెంటు కాలేజీ చెబుతారు, 1919లో రవీంద్రుడు వచ్చి జనగణమనకి ఇంగ్లీషు రూపం ఇవ్వడం చెబుతారు, ఆరోగ్యవరం క్షయాసుపత్రి చెబుతారు. పుంగనూరు అంటే పొట్టి ఆవు. కుప్పం అంటే మూడు రాష్ట్రాల సరిహద్దు, ద్రావిడ విశ్వవిద్యాలయం. ఏ వీధిలో మొదటి మోరీ ఎప్పుడు కట్టారో ఎవరూ చెప్పరు. ఈ మూడు మునిసిపాలిటీలకీ వర్తించేది 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం. అంతకు ముందు మేం మద్రాసు రాష్ట్రంలో వున్నప్పుడు 1920 నాటి మద్రాసు చట్టం. కాగితం మీద కాలవల అధ్యాయం వుంది. నేలలో మాత్రం చాలా ఇళ్లకి సెప్టిక్ ట్యాంకే గతి, పక్కన సైడుకాలవ.

దీనికి అధికారుల్ని తిట్టి వూరుకోవడం తేలిక. అసలు చిక్కు నీళ్లలో వుంది. భూగర్భ కాలవ నీళ్లు తాగి బతుకుతుంది. కేంద్ర ప్రభుత్వపు ఇంజనీర్ల లెక్క ప్రకారం, మురుగుకాలవలు లేని ఊళ్లో మనిషికి రోజుకి 70 లీటర్లు ఇస్తే చాలు. కాలవలు వేస్తే 135 లీటర్లు ఇవ్వాలి. దాదాపు రెట్టింపు! మాది వానలు తక్కువ పడే పీఠభూమి. ఏడాదిలో ఎక్కువ రోజులు పాలారులో కనిపించేది ఇసకే. కొళాయి వంతు కోసం బిందెలు వరసలో పెట్టిన ఆడవాళ్లకి 135 లీటర్లన్న మాట కథలో రాజకుమారి నగల్లా వినిపిస్తుంది. నీళ్లు చాలక గొట్టంలో మట్టం తగ్గితే అందులోది కదలదు. కదలకపోతే పూడుకుంటుంది.

దరఖాస్తులో ప్లానెందుకు అడుగుతారో ఇక్కడ తెలుస్తుంది. గొట్టానికి వాలు కావాలి. పాతకాలపు ఇంజనీర్లు దీనికి సులువైన లెక్క పెట్టుకున్నారు. నాలుగంగుళాల గొట్టమైతే 40 అడుగులకి ఒక అడుగు పల్లం, ఆరంగుళాలదైతే 60కి ఒకటి, తొమ్మిదంగుళాలదైతే 90కి ఒకటి. అంగుళాల్ని పదితో హెచ్చవేస్తే సరి. వాలు తగ్గితే మడ్డి నిలిచిపోతుంది. వాననీళ్ల గొట్టాన్ని కూడా గుట్టుగా అందులోనే కలిపేస్తే వానాకాలంలో పక్కింటి స్నానాలగదిలోకి ఎదురు తన్నుతుంది. ఇవన్నీ చూడటానికే పర్మిషను. "ఏం గాదులేమ్మా, నీళ్లు వాటంతటవే పోతాయి" అని మేస్త్రీ అంటే మనం తలూపుతాం. పోకపోతే? ఎవరో ఒకరు దిగాలి.

ఆ దిగే మనిషి గురించి లండన్ చట్టంలో లేదు, బొంబాయి చట్టంలో హక్కుల పక్కన లేదు. అతని మాట చట్టంలోకి రావడానికి మా కుప్పం పక్కనించే కదలిక వచ్చింది. అది చెప్పాలనే ఇంత దూరం తీసుకొచ్చాను.

కుప్పంలో బెంగుళూరు వైపు రైలెక్కితే బంగారుపేట వస్తుంది. అక్కణ్ణించి ఒక కొమ్మ లైను కోలారు బంగారు గనుల్లోకి, మారికుప్పం దాకా పోతుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన చోటు అది. 1902లోనే శివనసముద్రం నించి కరెంటు వచ్చింది, బెంగుళూరు కంటే ముందు. బంగారం కోసం మూడు కిలోమీటర్ల లోతుకి దిగారు. కానీ కార్మికుల కక్కసుల కింద ఒక గొట్టం వెయ్యడానికి మూడడుగులు తవ్వడం వందేళ్లయినా కుదరలేదు. (కక్కసు అనేది డచ్చివాళ్ల మాట. తమిళం మీదుగా మా దాకా వచ్చింది. మాట వచ్చినంత తొందరగా నీళ్లు రాలేదు.) అవి ఎత్తి శుభ్రం చేసే రకం దొడ్లు. ఎత్తేవాళ్లు దళితులు. వాళ్లలో తెలుగు కుటుంబాలు వున్నాయి.

అలాంటి ఇంట్లో 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. ఇంటిపేరే చెబుతుంది మనవాడని. తన వాళ్లు చేసే పని ఏమిటో కళ్లారా చూశాక 1986 నించి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. గనుల అధికారులకి, మంత్రులకి, ప్రధానికి, పత్రికలకి. మనం రాసే దరఖాస్తు మా ఇంటి గొట్టం కలపండి అని. ఆయన రాసింది ఈ దొడ్లు మూసెయ్యండి అని. చాలావాటికి జవాబే లేదు.

1993లో పార్లమెంటు మనుషుల చేత మలం ఎత్తించడాన్నీ, అలాంటి దొడ్లు కట్టడాన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. అది రాష్ట్రాల పరిధిలోని విషయం గనక ఆరు రాష్ట్రాల శాసనసభలు ముందుగా తీర్మానాలు చేసి కోరాయి. వాటిలో కుప్పానికి ఇటున్న ఆంధ్రప్రదేశ్, అటున్న కర్ణాటక రెండూ వున్నాయి. కాగితం మీద రెండు వైపులా ముగిసిన పని, కాగితం కింద మాత్రం సాగుతూనే వుంది. విల్సన్ గనుల్లోని దొడ్లనీ, ఎత్తేవాళ్లనీ ఫోటోలు తీశాడు. పాల్ దివాకర్ అనే దళిత ఉద్యమకారుడితో కలిసి అధికారుల ముందు పెట్టాడు. వందల ఉత్తరాలకి కదలని వాళ్లు బొమ్మలు చూసి కదిలారు. థేమ్సు కంపు మళ్లీ గుర్తొస్తుంది. దొడ్లని నీళ్లతో పోయే రకంగా మార్చి, ఎత్తేవాళ్లకి వేరే పనులు ఇచ్చారు. 2001 ఫిబ్రవరిలో గనులే మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడివాళ్లు తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరులో పనులకి పోతారు.

విల్సన్ అక్కడితో ఆగలేదు. పేదల పక్షాన నిలిచిన ఐ.ఎ.ఎస్. అధికారిగా తెలుగునాట పేరున్న ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ పెట్టాడు. 2003లో సుప్రీంకోర్టుకెక్కారు. 2013లో వచ్చిన కొత్త చట్టం, రక్షణ లేకుండా మ్యాన్‌హోలులోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దింపడాన్ని కూడా నేరం చేసింది. మరుసటి ఏడు మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నించి అలా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలన్నారు. 2016లో విల్సన్‌కి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ 10 లక్షల్ని 30 లక్షలు చేసింది. సొమ్ము పెంచాల్సి వచ్చిందంటే, మనుషులు ఇంకా దిగుతూనే వున్నారన్న మాట.

మన ఇంటి సెప్టిక్ ట్యాంకుకీ ఆ చట్టం వర్తిస్తుంది సుమండీ. ట్యాంకు నిండితే లారీని పిలిచి గొట్టంతో లాగించాలి తప్ప, "ఓ వందెక్కువ ఇస్తాలే, కాస్త దిగు నాయనా" అనకూడదు. మూత తీసిన గుంటలో గాలికి రంగు వుండదు, దిగినవాడు మళ్లీ పిలిచే లోపల పడిపోతాడు.

ఇక మీ వీధికి భూగర్భ కాలవ వచ్చి, మీ దరఖాస్తుకి అనుమతి కూడా వస్తే, గొట్టాల మీద మన్ను కప్పకముందే ఒక పని చెయ్యండి. ఇంటి దగ్గర మొదటి ఛాంబరులో ఒక బకెట్టు నీళ్లు పోయించి, వీధి వైపు ఆఖరి ఛాంబరు దగ్గర మీరే నిలబడండి. పోసిన నీళ్లన్నీ వచ్చాక మేస్త్రీకి డబ్బివ్వండి.