కాటేదాన్ పరిసరములందలి చెఱువులు – వరదలు – ఇరుగుపొరుగు గ్రామముల సహకారము

మన సంఘపు వార్షిక మహాసభా సంచికకై యేదేని యొక చరిత్ర విషయమును వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. రాజుల వంశావళులను, కోటల ముట్టడులను వ్రాయువారు పెక్కుమంది గలరు. కాటేదాన్ మొదలు శంషాబాదు వఱకు నివసించు మన వారికి అంతకంటె దగ్గఱిదైన చరిత్ర యొకటి గలదు. అది నీటి చరిత్ర. దానిని తెలిసికొనని యెడల ఇల్లు కట్టుకొన్నవాడు ఇంటిని, పిల్లలను గన్నవాడు పిల్లలను కోల్పోవు ప్రమాదము గలదు. కావున మేమీ విషయమునే యెన్నుకొంటిమి.

సంస్కృతమున నదికి ‘నిమ్నగ’ యని యొక పేరు గలదు. పల్లమునకు పోవునది యని దాని యర్థము. ఈ యొక్క మాటలో నీటి స్వభావమంతయు ఇమిడియున్నది. నీరు పల్లమెఱుగును గాని పొలిమేర యెఱుగదు. ఇది ఏ గ్రామము, ఇది ఏ పురపాలకసంఘము, ఇచట పన్ను వసూలు చేయు అధికారి యెవరు అని అది యడుగదు. మనుష్యులు మాత్రము ఆ ప్రశ్నలన్నియు అడుగుదురు. మా వ్యాసమునకు మూలమైన చిక్కు ఇదియే.

శంషాబాదు మెట్టలపై కురిసిన వానలో కొంత పడమటగా ఈసానదిలోనికి పాఱి హిమాయత్ సాగరమున చేరును. కొంత గగన్‌పహాడ్, కాటేదాన్, మైలార్‌దేవ్‌పల్లి ప్రాంతముల మీదుగా పాతనగరపు దక్షిణ భాగమునకు వాలి, తుదకు మూసీనదిలో కలియును. ఈ వాలునందు మన పూర్వులు ఒకదాని క్రింద నొకటిగా చెఱువులను, కుంటలను త్రవ్వించిరి. వీనినే గొలుసుకట్టు చెఱువులందురు. పై చెఱువు నిండిన పిమ్మట మత్తడి దూకిన నీరు వాగువెంట క్రింది చెఱువును చేరును. అది నిండినచో మఱియొకదానికి పోవును. కట్ట నీటిని నిలుపును, తూము పొలమునకు విడుచును, మత్తడి ప్రాణమును కాపాడును. వానకాలమున రేయింబవళ్లు కట్టపై తిరిగి తూములను కనిపెట్టుటకు నీరటికాడుండెడివాడు. చెఱువును త్రవ్వించిన వారికిని, మరమ్మతు చేయించు వారికిని దశబంధ ఇనాములు గలవు.

ఈ యేర్పాటునందు గమనింపదగిన విషయ మొకటి గలదు. గొలుసులో ఒక్క చెఱువైనను తనకై తాను బ్రదుకజాలదు. పైయూరివారు మత్తడిని ఎత్తుచేసికొనిన క్రిందియూరి పొలమెండును. కట్టను నిర్లక్ష్యము చేసిన క్రిందియూరి కొంప మునుగును. కాబట్టి ఇరుగుపొరుగు గ్రామములు తగవులాడుకొనుచునే యైనను కూడియుండక తప్పలేదు.

క్రీ.శ. 1369లో నేటి కడప సీమయందలి పోరుమామిళ్ల వద్ద, విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని పేరుగలవాడు, ఒక గొప్ప తటాకమును నిర్మించి సంస్కృత శాసనము వేయించెను. మంచి చెఱువునకు వలసిన పండ్రెండు సాధనములును, చెఱువునకు కలుగు ఆఱు దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరూరుట, చవుటినేల, నడుమ మెరక, నీరు తక్కువయై నేల యెక్కువగుట, నేల తక్కువయై నీరు మిక్కుటమగుట – ఇవి ఐదు దోషములు. ఇవన్నియు నేలకును, నీటికిని సంబంధించినవే. ఆఱవది మాత్రము రాజనీతికి సంబంధించినది. ఇరు రాజ్యముల సరిహద్దునందుండుట చెఱువునకు దోషమని ఆ శాసనకర్త యెన్నెను. ఈ మాటను చదివినప్పుడెల్ల మాకు ఆశ్చర్యము కలుగును. ఆఱున్నర శతాబ్దములకు పూర్వమే మనవారు చెఱువు తెగుటకు మట్టి యొక్కటియే కారణము కాదని, అధికారము రెండుగా చీలుటయు కారణమే యని గ్రహించిరి.

ఇక మన ప్రాంతపు చరిత్రకు వత్తము. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన వృత్తాంతము లోకవిదితము. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ వద్ద నొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రదికిన కథను నేటికిని జనులు తలచుకొందురు. అయితే ఆ నీరు ఎచ్చట కురిసెనో యని విచారించువారు తక్కువ. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వమువారి యాహ్వానముపై వచ్చిన ఇంజనీయరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ లెక్కలను తీసిరి. మన శంషాబాదునందే 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వర్షము కురిసెను. నగరమునకు ఎగువ 860 చదరపు మైళ్ల పరీవాహమున 788 చెఱువులుండగా వానిలో 200కు పైగా తెగెను. ఒక చెఱువు తెగి మఱియొకదానిపై పడగా ఆ బరువునకు అదియు తెగెను. అనగా నగరమును ముంచినది నది మాత్రమే కాదు. ఎగువ పల్లెల గొలుసు తెగుటయు దానికి తోడైనది.

విశ్వేశ్వరయ్యగారి చికిత్సయు గమనింపదగినది. నగరమున గోడలెత్తుటతో సరిపుచ్చక, వరదను ఎగువనే నిలుపవలెనని వారు నిర్ణయించిరి. ఆ యాలోచన ననుసరించి మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసాపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. దిగువవారి క్షేమము ఎగువవారి చేతిలో నున్నదను సత్యము రాతికట్టడముగా నిలిచెను. నాడు ఎగువకును దిగువకును ప్రభువొక్కడే గనుక ఒక్క ఆజ్ఞతో పని జరిగెను. నేడు ప్రజాప్రభుత్వము వచ్చినది. అధికారము ప్రజల చేతికి వచ్చుట శుభమే. కాని ఆ యధికారము పెక్కు ముక్కలుగా వచ్చినది.

ఆ ముక్కలను కొంచెము లెక్కింతము. కాటేదాన్ పారిశ్రామికవాడ వెలసిన నేల రాజేంద్రనగర పురపాలకసంఘములోనిదై, 2007లో మహానగరపాలక సంస్థ యేర్పడినప్పుడు అందు చేరెను. శంషాబాదు 2018 వఱకు గ్రామపంచాయతీగా నుండి, పిదప వేఱు పురపాలకసంఘమయ్యెను. 2008లో విమానాశ్రయము తెఱవబడెను. నడుమ జాతీయ రహదారియు, రైలుమార్గమును గలవు. చెఱువు కట్ట నీటిపారుదలశాఖది, శిఖము భూమి లెక్క రెవిన్యూవారిది, నాలా నగరపాలికది, రహదారి క్రింది తూము మఱియొకరిది. పోరుమామిళ్ల శాసనకర్త రెండు రాజ్యముల నడుమ చెఱువునకే భయపడెను. మన చెఱువునకు సరిహద్దులు అంతకంటె ఎక్కువయై యున్నవి.

దాని ఫలము 2020 అక్టోబరున కన్నులకు కట్టినట్లు కనబడెను. 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి గగన్‌పహాడ్ వద్ద అప్ప చెఱువు తెగి, ఆ నీరు జాతీయ రహదారిని కోసివైచి, వాహనములను, మనుష్యులను కొట్టుకొనిపోయెను. మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెఱువు నీరు అలీనగరమునందు పడి ఒక కుటుంబమువారినే పొట్టన బెట్టుకొనెను. నాలుగు దినములు గడచినవో లేదో, బాలాపూరు వద్ద గుర్రము చెఱువు తెగి హఫీజ్ బాబానగరమును ముంచెను. మృతులలో ఏ కులమువారెందఱు అని వరద లెక్కింపలేదు. పల్లమున నున్నవారందఱును ఒకే కులమువారైరి.

వాన యంతటిది కురిసినప్పుడు ఎవరేమి చేయగలరని కొందఱందురు. వాన దైవాధీనమే. కాని శిఖమున ఇండ్లు లేచుట, మత్తడి కాలువ సందుగా మారుట, వాగును గొట్టములో ఇముడ్చుట దైవాధీనములు కావు. చెఱువు నిండా నీరున్నప్పుడు ఎంత మేర మునుగునో ఆ మేరనంతయు పూర్వులు నీటికి విడిచిరి. ఎండిన సంవత్సరములలో దానిని చూచి మనము ఖాళీ నేల యనుకొంటిమి.

కాటేదాన్‌నకు వరదతోపాటు మఱియొక విపత్తును గలదు. ఇచటి కర్మాగారముల మురుగు నూర్ మహమ్మద్ కుంటలో చేరి నురుగులు గ్రక్కుటయు, దుర్గంధము వ్యాపించుటయు పరిసరవాసులు చిరకాలముగా ఎఱిగినదే. ఈ పారిశ్రామికవాడ మట్టియందు సీసము, రాగి, జింకు మొదలగు లోహములు మిక్కుటముగా చేరియున్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. వాన లేనినాడు ఆ విషము ఒకచోట నుండును. వరద వచ్చిననాడు అది దిగువ బస్తీల బావులలోనికి, వాకిళ్లలోనికి నడచివచ్చును. కావున పరిశుభ్రతయు ఒక్క వార్డువారి పనిగాక పొరుగువారందఱి పనియైనది.

ఈ వ్యాధికి ఔషధము శాస్త్రమున లేకపోలేదు. 1992 నాటి డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణమున మహానగర ప్రణాళికా సంఘమను నొక యేర్పాటు చెప్పబడినది. పురపాలకసంఘములకును, పంచాయతీలకును ఉమ్మడియైన విషయములను, ప్రత్యేకించి నీటిని, ఇతర ప్రకృతి సంపదలను పంచుకొనుటను అది ఆలోచింపవలెనని స్పష్టముగా వ్రాయబడినది. 2008లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. 2020 వరదల పిమ్మట శివారు పురపాలికలను గూడ కలుపుకొని నాలాల యభివృద్ధి పథకము ఆరంభింపబడెను. 2024 జూలైలో చెఱువుల రక్షణకును, విపత్తులకును హైడ్రా యను సంస్థను ప్రభుత్వము స్థాపించి, బాహ్యవలయ రహదారి వఱకు దానికి అధికారమిచ్చెను. ఆ సంవత్సరమే ఆగస్టునందు అప్ప చెఱువులోని ఆక్రమణలను అది తొలగించెను. 2025 నవంబరులో శివారునందలి 27 పురపాలికలను మహానగరపాలికలో విలీనము చేయుటకు మంత్రివర్గము తీర్మానించెను.

ఇవన్నియు మెచ్చదగిన యత్నములే. కాని ఒక్క కప్పు క్రింద చేర్చినంత మాత్రమున అందఱును కూడియున్నట్లు కాదు. ఉమ్మడి కుటుంబమున పుట్టిన మనకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. రహదారియు, రైలుమార్గమును, విమానాశ్రయమును ఏ విలీనమునను కలియవు. కూల్చుట ఒక దినపు పని; కాపాడుట ప్రతి వానకాలపు పని. దానికి ఎగువ దిగువల వారు ముందుగానే కూర్చుండి మాటాడుకొనుట యవసరము.

సముద్రతీరవాసులకు ఈ పాఠము ఇంకను కఠినముగా నేర్పబడినది. 1864 నవంబరున మచిలీబందరుపై పడిన ఉప్పెనయు, 1977 నవంబరు 19వ తేదీన వేలమందిని బలిగొన్న దివిసీమ ఉప్పెనయు మన తెలుగువారి స్మృతిలోనివే. ఉప్పెన తాలూకాల హద్దులను చూచి రాలేదు. హాలండు దేశస్థులు సముద్రమునకంటె పల్లమున నుండుటచే, పదుమూడవ శతాబ్దమునుండియు కట్టల పోషణకై నీటి సంఘములను ఎన్నుకొనుచు వచ్చిరి. 1950 ప్రాంతమున సుమారు 2,600గా నుండిన ఆ సంఘములు క్రమముగా కలిసి నేడు 21 అయినవి. అమెరికాయందు ఫ్లోరిడా దక్షిణతీరమున నాలుగు జిల్లాలవారు 2009లో ఒక యొడంబడిక చేసికొనిరి. వారు తొలుదొల్త చేసిన పనులలో నొకటి, సముద్రమట్టము ఎంత పెరుగునో దానికి అందఱును ఒప్పుకొనెడి లెక్క నొకదానిని తయారుచేసికొనుట. లెక్క ఒక్కటియైన పిదప, నీ యూరి పని నా యూరి పని యను వాదమునకు బలము తగ్గును.

మనకు వలసినదియు అదియే. శంషాబాదు మెట్టలనుండి మూసీ వఱకు గల ప్రతి చెఱువునకు కట్ట పొడవు, మత్తడి మట్టము, నిండు నీటి మేర, శిఖము సర్వే సంఖ్యలు, దాని నీరు చేరు తరువాతి చెఱువు పేరు – ఇవన్నియు గల ఉమ్మడి పట్టిక యొకటి ఉండవలెను. అది కచేరీ బీరువాలో గాక ప్రతి వార్డునందును, ప్రతి పంచాయతీయందును గోడపై వ్రేలాడవలెను. మృగశిరకార్తెకు ముందే ఎగువ దిగువల ప్రతినిధులు కలిసి గొలుసును మొదటినుండి తుదివఱకు నడచి చూడవలెను. పై మత్తడి దూకిన గడియలోనే క్రిందివారికి వార్త చేరవలెను. ఇందు పెద్ద ధనవ్యయము లేదు. పొరుగువాని యెడల బాధ్యత యున్న చాలును.

సంఘసోదరులారా! మనలో పురపాలకసభలందును, పంచాయతీలందును స్థానము గలవారున్నారు; భూముల వ్యాపారము చేయువారున్నారు; కష్టార్జితముతో నూఱు గజముల స్థలము కొనజూచువారున్నారు. మొదటివారిని మేము వేడునది, మీ వార్డు మేలుతో బాటు దానికి క్రిందివార్డు మేలును విచారింపుడని. రెండవవారికి చెప్పునది కొంచెము కటువైనను చెప్పక తప్పదు: శిఖము నేలను ముక్కలుచేసి మన కులమువానికే యమ్ముట జ్ఞాతిద్రోహము. మహాసభకు విరాళమిచ్చిన పుణ్యము దానిని కడుగజాలదు. మూడవవారికి మా మనవి, ధర తక్కువయని సంతసింపక, ఆ నేల చెఱువు మేరలోనిదో కాదో ముందుగా విచారించుకొనుడు. ఇట్టి విచారణలో బీదవారికి తోడ్పడుటకు మన సంఘమున నొక చిన్న ఉపసంఘమును ఈ మహాసభయందే యేర్పఱచి, ఇతర కులముల సంఘములవారిని గూడ అందు పాల్గొన నాహ్వానింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము.

మన పెద్దలు తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. అనగా చెఱువు త్రవ్వించినవాడు బిడ్డను గన్నవానితో సమానుడు. క్రొత్త చెఱువులను త్రవ్వించు భాగ్యము మన తరమునకు లేకపోయినను, ఉన్నవానిని చంపకుండ పిల్లలకు అప్పగించు భాగ్యము గలదు. అది ఒక్క యూరివారు, ఒక్క కులమువారు చేయగలిగినది కాదు. ఎగువవాడు దిగువవానిని తనవాడనుకొన్ననాడు మాత్రమే చెఱువునకు సరిహద్దు దోషము తొలగును.